నవంబరు సముద్రం మీద నా గెలుపు

కాలేజీ వాదోపవాదాల పోటీల్లో కప్పులు గెలుస్తున్న ఆ రోజుల్లో, లోకంలో తేలకుండా మిగిలిన విషయమేదైనా ఉంటే అది నన్ను అడగకపోవడం వల్లనే మిగిలిందని మనస్ఫూర్తిగా నమ్మేదాన్ని. (కప్పులు స్టీలువే, నమ్మకం మాత్రం మేలిమి బంగారం.) జూలూరుపాడులో పురుగుమందుల దుకాణం నడిపే మా బావకు కంపెనీవాళ్లు అండమాన్ యాత్ర బహుమతిగా ఇచ్చారు. ఆలుమగలిద్దరూ ఏ నెలలో వెళ్తారో ఫలానా రోజు సాయంత్రం నాలుగింటికి ఫోన్ చేసి అడుగుతామన్నారు. అక్క కోరిక ఒక్కటే: కళ్లకు అద్దాలు, నోట్లో గొట్టం పెట్టుకొని, మొహం నీళ్లలో ముంచి రంగురంగుల చేపల్ని చూడాలి. కంపెనీ కాగితంలో ఆ బొమ్మ చూసినప్పటి నుంచి రోజూ బకెట్లో మొహం పెట్టి ఊపిరి బిగబట్టడం నేర్చుకుంటోంది. (గొట్టం ఊపిరి కోసమేనని చెప్పినా వినలేదు.)

ఆ రోజు పొద్దున నేను వాదన వినిపించాను. ఫిబ్రవరిలో బావ చేలో మిర్చి ఏరుడు. ఆపైన ఈస్టరు ముందటి శ్రమదినాలు, విహారం తగదు. జూలైలో గోదావరే ఎర్రగా పారుతుంటే సముద్రం తేటగా ఎలా ఉంటుంది? దసరా దాటితే మన వాగుల్లో అడుగున గులకరాళ్లు కనబడతాయి కనుక నవంబరే సరి.

"గోదారి వేరు, సముద్రం వేరు గద పిల్లా. ఎవర్నన్న అడుగుదమా?" అన్నాడు బావ.

"నీళ్ల స్వభావం ఎక్కడైనా ఒక్కటే బావా!" అని మూడు నిమిషాల్లో ఓడించాను.

మూడున్నరకు, ఆ గెలుపును మా చర్చికి వచ్చే నర్సమ్మ ముందు చెప్పుకోబోయాను. ఆమె ఆ దీవుల దవాఖానాలో చాన్నాళ్లు పనిచేసి వచ్చిన మనిషి.

"నవంబర్లనా? అక్కడ అప్పుడు వానలు పోవు బిడ్డా. తుపాను లేస్తే పడవలే ఆపుతరు. ఫిబ్రవరిలనైతే నీళ్లు అద్దం తీరుంటయి."

చెప్పులు వదిలేసి పరుగెత్తాను. దుకాణంలో గడియారం నాలుగుకు అయిదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

"నవంబరు వద్దు బావా!"

"ఎందుకొద్దు? నీళ్ల స్వభావం ఒక్కటే అన్నవ్ గద."

"గోదావరి వేరు, సముద్రం వేరు."

"ఏందే! పొద్దుగాల నేను గదే అంటే నోరు మూయించినవ్!"

నా వాదనలన్నిటినీ ఆయన వరుసగా నాకే అప్పజెప్పాడు. ఎటు నుంచి తోసినా ఒక్కటీ కదల్లేదు. అంత పకడ్బందీగా కట్టానన్నమాట. అంతలో ఫోన్ మోగింది. బావ రిసీవర్ ఎత్తి, అరచేత్తో మూశాడు. ఫోన్ కోసం అప్పటికే దుకాణానికి వచ్చి ఉన్న అక్క నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగింది:

"నువ్వు సముద్రం చూసినవా?"

"లేదక్కా."

"మరి గంత గట్టిగ ఎట్ల చెప్పినవ్?"

ఏ న్యాయనిర్ణేతా నన్నంత చిన్న ప్రశ్న అడగలేదు. "నాకు తెల్వదు. నర్సమ్మకు తెలుసు. ఫిబ్రవరిల పొమ్మన్నది," అన్నాను. జీవితంలో తెల్వదు అనడం అదే మొదలు.

"ఫిబ్రవరి అంటే మిర్చి ఏరుడు. కూలీల ఎంబడి ఎవరుంటరు?" అన్నాడు బావ.

అక్క కిందికి చూసింది. అడగడం ఆమెకు చేతకాదు.

"నేనుంట," అన్నాను.

"ఫిబ్రవరి రాసుకోండి సార్," అన్నాడు బావ ఫోన్‌లో.

ఆ ఫిబ్రవరిలో వారం రోజులు చేలో నిలబడ్డాను. చేతులు మండేవి, ఆ చేతులతోనే కళ్లు తుడుచుకునేదాన్ని, అవీ మండేవి. తిరిగొచ్చిన అక్కను "ఎట్లున్నయి చేపలు?" అని అడిగితే, నా కళ్ల ముందు పది వేళ్లూ ఆడించి, చిన్నపిల్లలా నవ్వింది. ఖండించడానికి నాకేమీ కనిపించలేదు. ఆ చేపల్ని నేనింతవరకూ చూడలేదు. అండమాన్‌కు ఎప్పుడు వెళ్లాలని ఎవరైనా అడిగితే మాత్రం, పొద్దున నవంబరు అని గెలిచి, సాయంత్రానికి ఆయాసంతో పరుగెత్తుకొచ్చిన ఆ ఉత్తకాళ్ల పిల్ల గుర్తొచ్చి, ముందు కాసేపు నవ్వుకుంటాను.