గడువు లేని కబురు

ఫౌజులో ఉన్నన్నాళ్ళూ నాకు సొంత జిల్లా నల్గొండలో డ్యూటీ పడింది ఒక్కసారే. అదీ వరదలో. తొంభైల నడుమ ఒక వానాకాలం. దేవరకొండ దాటాక రోడ్డు లేదు. చెరువులు తెగి ఎర్రనీళ్ళు చేలమీదుగా పోతున్నాయి. మధ్యాహ్నం మా ట్రక్కు వాగులో ఇరుక్కుంది. సామాను భుజాన వేసుకుని, తాడు పట్టుకుని ఒక రాళ్ళగుట్ట ఎక్కాం. మాట్లాడే వైర్‌లెస్ సెట్టు నీళ్ళలో పడి పాడైంది. నెత్తిన మోసిన కంప్యూటరూ, దాని రేడియో పెట్టే మిగిలాయి. కరువుకు పేరుపడ్డ నేల మాది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

గుట్టమీద ఒక గూడెం జనమంతా ఉన్నారు, గొర్రెలతో సహా. మేం ఆరుగురం. కెప్టెన్ సాబ్‌ది పంజాబు. నేను సిగ్నల్స్ హవల్దారును. మాలో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆ కంప్యూటరు సంగతి చెప్పాలి. అందులో రాసింది అందులో ఉండదు. రేడియో లింకు మీదుగా నల్గొండ క్యాంపులోని పెద్ద డిస్కుకు చేరుతుంది. అక్కడివాళ్ళు చదివి బియ్యం, మందులు పంపుతారు. లింకు తెగితే మిషను ఉన్నావా అని క్యాంపును కాసేపు అడుగుతుంది, గడువులోగా జవాబు రాకపోతే చేతులెత్తేస్తుంది. మొదటిరోజు అదే అయింది. ఉరుముకు లింకు పోయింది. బియ్యం కోసం రాసినదంతా మధ్యలోనే పోయింది. గుట్టమీది జనం ఆ పూట పస్తున్నారు.

కెప్టెన్ సాబ్ మండిపడ్డాడు. "దాని గడువు తీసెయ్ హవల్దార్. లింకు వచ్చేదాకా అడుగుతూనే ఉండాలి. నావల్ల కాదని చెప్పకూడదు."

తీసేశాను. సరైన ఆర్డరే, ఇప్పటికీ అదే అంటాను. ఒక్కటే చిక్కు. అలా పెట్టిన మిషను ఒకసారి అడగడం మొదలుపెడితే ఆపమన్నా వినదు. అప్పుడది మాకు చిక్కుగా తోచలేదు.

మర్నాడు పొద్దున గొర్లకాపరి ఐలయ్యను రక్తపింజర కరిచింది. వరదకు పాములూ గుట్టెక్కాయి మరి. రాళ్ళ సందులో ఇరుక్కున్న గొర్రెపిల్లను తీయబోయి పాముమీద కాలు పెట్టాడు. మా నర్సింగ్ అసిస్టెంటు దగ్గర దూది ఉంది, గోళీలున్నాయి, విషానికి సూది లేదు. నేను రాశాను: "పాము కరిచింది. మనిషి బతికే ఉన్నాడు. సూదితో డాక్టరును పంపండి." మీట నొక్కాను. లింకు లేదు. మిషను అడగడం మొదలుపెట్టింది.

ఐలయ్య భార్య లచ్చమ్మ వచ్చి నా పక్కన కూచుంది.

"కబురు పోయిందా సారూ?"

"పోతది చెల్లె. లింకు రాంగనే పోతది."

"గంతదాంక మర్సిపోదు గదా గది?"

"మర్వదు. గడువు లేకుంట పెట్టిన. అడుగుతనే ఉంటది."

"గట్లయితే ఫికర్ లేదు," అంది. మొగుడి దగ్గరికి పోయి చెవిలో చెప్పింది. "ఇంటున్నవా? గా మిషిను మనకోసం అడుగుతాందట."

వాన ఆగలేదు. డాక్టరును తేవాలని ఇద్దరు జవాన్లు తాడు కట్టుకుని వాగులో దిగారు. కొట్టుకుపోబోతే వెనక్కి లాగాం. సాయంత్రానికి ఐలయ్య కాలు తొడదాకా వాచింది. చిగుళ్ళలోంచి రక్తం వస్తోంది. "గొర్రెపిల్ల దొరికిందా సారూ?" అని అడిగాడు. దొరికిందన్నాను. దొరకలేదు.

తెల్లారేసరికి పోయాడు. వాగు తీశాక బొంద పెట్టాలని గొంగడి కప్పి ఉంచారు.

కెప్టెన్ సాబ్ నా దగ్గరికొచ్చాడు. "ఆ కబురు ఆపెయ్. డాక్టరు ఇంకో ఊరికి పనికొస్తాడు."

తెలిసిన మీటలన్నీ నొక్కాను. వినలేదు. బ్యాటరీ తీసేస్తే ఆ కబురు వెనక వరసలో ఆగినవన్నీ పోతాయి. బియ్యం, పాలపొడి, జ్వరాల మందుల కోసం రాసినవన్నీ అందులోనే ఉన్నాయి. ఆ మాటే చెప్పాను. సాబ్ తెరవంక చూసి "ఉండనీ" అన్నాడు. చచ్చినవాడి కోసం మిషను అడుగుతూనే ఉంది. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండింది. బండకేసి కొడదామనిపించింది. కొట్టలేదు, ఆర్డరు లేదు కదా.

పొద్దెక్కాక ఎండ కాసింది. లింకు వచ్చింది. అక్షరం పొల్లుపోకుండా కబురు చేరింది, మనిషి బతికే ఉన్నాడని. వెంటనే చనిపోయాడని ఇంకోటి రాశాను. అదీ చేరింది. అప్పటికే హెలికాప్టరు లేచింది.

నీళ్ళు తీశాక మమ్మల్ని వెనక్కి పిలిచారు. నల్గొండలో పెద్దసాబు భుజం తట్టి, మీ గుట్టమీంచి ఒక్క కబురు కూడా పోగొట్టలేదన్నాడు. నిజమే, పోగొట్టలేదు. ఆ సాయంత్రం బస్సెక్కి చౌటుప్పల్‌లో మా ఇంటికొచ్చాను. అవ్వ అన్నం పెట్టింది. తినలేకపోయాను.

ఫౌజు సంగతులు చెప్పమని మీరు అడిగినప్పుడల్లా నాకు ఆ గుట్టే కనబడుతుంది. హెలికాప్టరు దిగుతుంది. డాక్టరు మందుపెట్టె చంకన పెట్టుకుని రాళ్ళమీద పడుతూ లేస్తూ పరుగెత్తుకొస్తున్నాడు. ఆపడానికి మా ఆరుగురిలో ఒక్కరికీ చెయ్యి లేవలేదు. లచ్చమ్మ కళ్ళు తుడుచుకుంది. "వచ్చిన్రు," అంది. గొంగడి పక్కకు జరిపి, ఐలయ్య కాలు ఒళ్ళోకి తీసుకుని, పాము కరిచిన జాగా డాక్టరుకు చూపించింది.