శాంతాబాయి పంపిన ఇద్దరు

బొంబాయి గ్రాంట్ రోడ్ స్టేషన్‌లో దిగి పది నిమిషాలు నడిస్తే వచ్చే ఆ ధర్మాసుపత్రిలో పనికి చేరేనాటికి శాంతాబాయికి పందొమ్మిదేళ్లు. 1985 వానాకాలం వచ్చేసరికి నలభై నాలుగు నిండాయి. చీపురుతో మొదలుపెట్టి, ఊడ్చి తుడిచే ఇరవై ఎనిమిది మందికి ముకాదం అయింది. ఎవరు ఏ అంతస్తు తుడవాలో పొద్దున్నే చెప్పడం, చెప్పినట్టు జరిగిందా అని మంచాల కిందకి వంగి చూడడం ఆమె పని. ఆమె వంగి చూస్తుందని తెలిసి ఎవరూ మూలలు వదిలేవారు కాదు.

తాతల కాలంలోనే రాళ్లు మోయడానికి బొంబాయి వచ్చిన కుటుంబం. పుట్టింది కామాటిపుర ఎనిమిదో గల్లీలో, ఒంటిగది ఇళ్ల చాల్‌లో. పెళ్లయ్యాక మారింది ఉండే గది, ఆ ఖోలీ ఒక్కటే, గల్లీ మారలేదు. భర్త ఎల్లయ్య పనిచేసిన బట్టల మిల్లు సమ్మె తర్వాత అతన్ని మళ్లీ పిలవలేదు. అప్పటినుంచి ఇంటిని నడిపేది ఆమె ఒక్కతే.

ఆ ఏడు ఆసుపత్రి ధర్మకర్తలకు ఒక ఆలోచన వచ్చింది. ఊడవడం, తుడవడం, బట్టలుతికే లాండ్రీ, లిఫ్టు, నీళ్ల పంపులు, ఇలా భవనాన్ని నడిపే పనులన్నీ బయటి కాంట్రాక్టు కంపెనీకి అప్పగిస్తే ఎలా ఉంటుందని. తామే తేలిస్తే లేనిపోని మాట వస్తుందని భయపడి, ఒక మేనేజ్‌మెంట్ కాలేజీలో పాఠాలు చెప్పే పరాంజపే మేడంను పిలిచారు. ఈ పనుల గురించి బాగా తెలిసినవాళ్లను ఎంచుకుని, వాళ్లను అడిగి, ఎక్కువమంది ఒప్పుకున్నదేమిటో రాసివ్వమన్నారు.

ఆ సంగతి శాంతాబాయి చెవిన వేసింది ఆఫీసులో టైపు కొట్టే శివరాం. పదో గల్లీవాడు.

"అక్కా, మన కామ్ మీదనే సర్వే అయితాంది. పద్నాలుగు మంది ఎక్స్‌పర్టులంట. లిస్టు నేనే టైపు కొట్టిన."

"ఎసొంటోళ్లు ఉన్నరు?"

"పేర్లు జెప్పద్దన్నరు. హోటల్ మేనేజర్లు, ఇంజనీర్లు, ఇద్దరు డాక్టర్లు, కంపెనీల సాయెబులు. అంత పెద్దోళ్లే."

"దవఖానల నేల మీద పోఛా కొట్టినోళ్లు ఒక్కరన్న ఉన్నరా?"

శివరాం నవ్వాడు. శాంతాబాయికి నవ్వు రాలేదు. మధ్యాహ్నం అన్నం డబ్బా కూడా విప్పకుండా, చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ రెండో అంతస్తులో పరాంజపేకు ఇచ్చిన చిన్న గదికి వెళ్లి తలుపు తట్టింది.

ఇద్దరూ హిందీలోనే మాట్లాడుకున్నారు. శాంతాబాయి తానెవరో చెప్పి, ఈ సర్వే ఎలా జరుగుతుందో తెలుసుకోవాలని ఉందంది. పరాంజపే కుర్చీ చూపించింది. శాంతాబాయి కూర్చోలేదు.

"ఒకే ప్రశ్నలు మూడుసార్లు అడుగుతాను," అంది పరాంజపే. "ఎవరికివారు విడిగా జవాబు చెప్తారు. జాబితాలో ఇంకెవరున్నారో వాళ్లకు తెలియదు. మొదటిసారి వచ్చిన జవాబులు, వాటికి వాళ్లు చెప్పిన కారణాలు పేర్లు తీసేసి అందరికీ పంపుతాను. అవి చూశాక మీ మాట అదేనా, మారిందా అని మళ్లీ అడుగుతాను. ఒక గదిలో కూర్చోబెడితే పెద్దాయన మాటకు మిగతావాళ్లు తలూపుతారు కదా. అలా జరగకూడదని ఈ ఏర్పాటు."

శాంతాబాయి బల్ల దగ్గరికి జరిగింది.

"పేర్లు ఎవరికీ కనపడవంటున్నారు. మరి పెద్దవాళ్లనే ఎందుకు పిలిచారు?"

పరాంజపే కలం మూత పెట్టి ఆమె వైపు సరిగ్గా చూసింది. ఎంపికకు తాను పెట్టుకున్న కొలతలు మూడని చెప్పింది. ఇలాంటి పనిలో పదేళ్ల అనుభవం ఉండాలి. ఆ పని ఎలా జరుగుతుందో కళ్లారా చూసినవాళ్లై ఉండాలి. ఏ నిర్ణయం వచ్చినా వాళ్లకు లాభంగానీ నష్టంగానీ ఉండకూడదు.

"మూడో కొలతకు నువ్వు నిలవవు. ఇక్కడ పనిచేసేవాళ్లెవరూ నిలవరు," అంది.

"నా పేరు రాయమని రాలేదు మేడం. ఆ మూడో కొలత అందరికీ ఒకటేనా?"

"ఒకటే."

"పోయిన నెల ఒక కంపెనీ సాయెబు వచ్చి, టేపు పట్టుకుని మా వరండాలన్నీ కొలుచుకుని పోయాడు. బట్టతల, బంగారు చట్రం అద్దాలు. రేపు కాంట్రాక్టుకు వచ్చేది ఆయనే. అలాంటివాళ్లు మీ కాగితంలో ఉంటే మీరే చూసుకోండి."

పరాంజపే సొరుగు లాగి జాబితా తీసింది. ఒక్కొక్క పేరూ వేలు పెట్టి చూసుకుంటూ పోయింది. చివరికి ఒక పేరు మీద గీత కొట్టింది. ఆ పక్కనే అలాంటి కంపెనీవాడిదే మరో పేరు ఉంటే, దాన్నీ కొట్టేసింది.

"రెండు ఖాళీలు. మూడు కొలతలకూ నిలిచేవాళ్లు నీకు తెలిస్తే సోమవారానికి తీసుకురా. వాళ్లను నేను స్వయంగా పరీక్షిస్తాను. పనికిరారనిపిస్తే పంపేస్తాను."

"మంచిది," అని శాంతాబాయి కిందకి దిగింది. ఆరోజు గురువారం.

మర్నాడు తెల్లవారగానే చాల్ కుళాయి దగ్గర మరిది రాజలింగం ఎదురొచ్చాడు. అతను ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తాడు, యూనియన్‌లో మాట చెల్లేవాడు. సంగతి శివరాం అతనికీ చెప్పాడు.

"వదినె, నా నామ్ రాయించు. ఒక్కొక్క సవాల్‌కు కరాఖండి జవాబిస్త."

"నీ నౌకరి అండ్లనే ఉన్నది రాజలింగం. నీ పేరు వెట్టద్దు."

"అరె, ఇంటోన్నే కాదంటవా?"

"ఇంటోడివి గాబట్టే."

రాజలింగం నిండని బిందె ఎత్తుకుని వెళ్లిపోయాడు.

పేర్ల కోసం శాంతాబాయి ఎక్కువ వెతుక్కోలేదు. కింది ఖోలీలో మల్లమ్మ ఉంటుంది. పాలమూరు నుంచి వచ్చి, ఒక కాంట్రాక్టరు కింద పదకొండేళ్లపాటు మూడు ఆసుపత్రులు తుడిచింది. ఏడాది కిందట అతను రావద్దనేసరికి ఇప్పుడు కట్టడాల దగ్గర ఇసుక మోస్తోంది. మళ్లీ ఆ పనికి పోయే ఉద్దేశం ఆమెకు లేదు. శాంతాబాయి విషయం చెప్పగానే మల్లమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నేను ఎక్స్‌పర్టునా అక్కా? నాకు అచ్చరం ముక్క రాదు."

"పదకొండేండ్లు జూసినవు గద. సూసింది జెప్పు."

"ఏం జెప్పాల్నో నువ్వు నేర్పు. గట్లనే అంట."

శాంతాబాయి తల గట్టిగా అడ్డంగా ఊపింది. "నేను నేర్పితె అది నా మాటయితది. నీ మాట గావాలె మల్లమ్మా. కాంట్రాక్టరు మంచిగ జేసింది ఉంటె, మంచిగనే జేసిండని జెప్పు."

రెండో మనిషి ముత్తయ్య. ఆసుపత్రి పంపులు, బాయిలరు ముప్ఫై ఒక్క ఏళ్లు నడిపి మూడేళ్ల కిందట రిటైరయ్యాడు. పదకొండో గల్లీలో మూడో అంతస్తు. శనివారం శాంతాబాయి వెళ్లేసరికి గాలరీలో కూర్చుని ఎవరిదో కారుతున్న కుళాయికి వాసరు మారుస్తున్నాడు. ఆమె చెప్పిందంతా విని, పాత వాసరును పక్కన పడేశాడు.

"బిడ్డా, నన్ను అడిగితె ఉన్నదే జెప్త. లాండ్రి బైటికియ్యుండ్రి అంట."

శాంతాబాయి అతని వైపు వంగింది. "గదేంది కాకా?"

"ఆ బాయిలర్ ఖతమైంది. ఇరువై ఏండ్లు అతుకులేసి నడిపిన. నేనుండంగనే నీళ్లు మసలకపోతుండె, ఇప్పుడేం మసులుతయి? గా నీళ్లల్ల ఉతికిన చద్దర్లే ఆపరేషన్ అయినోళ్ల కింద పరుస్తున్నరు."

"పదకొండు మంది నౌకరి కాకా. మా రాజలింగం గూడ అండ్లనే."

"నాకెర్క లేదా? వాని పెండ్లిల వడ్డించింది నేనే. అయితె గా ముచ్చట బాయిలర్‌కు ఎర్కనా?" అతను స్పానరు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "అందుకే అంటున్న, నా పేరద్దు. ఇంకెవన్నన్న సూసుకో."

శాంతాబాయి లేచి మెట్లు దిగింది. రెండో అంతస్తు మలుపు దగ్గర కాళ్లు ఆగిపోయాయి. ముత్తయ్య అన్నది ఆమెకు తెలియనిది కాదు. లాండ్రీ నుంచి వచ్చిన దుప్పట్ల మీద వదలని మరకలు చూసి, డాక్టరు రౌండుకు వచ్చేలోపల మరక కిందకి వచ్చేలా తిప్పి పరిచిన రోజులున్నాయి. ఎవరితోనూ అనలేదు. పంపులు తెలిసినవాళ్లు ఇంకొకరు దొరక్కపోరు. ఆమె అడిగితే ఆమె కోరినట్టే చెప్పేవాళ్లూ దొరుకుతారు. కానీ అలాంటి ఇద్దరిని తీసుకుపోతే ఆ టేపు సాయెబుకూ తనకూ తేడా ఏమిటి? ఆయన పేరు కొట్టేయించింది తానే కదా. రాజలింగం మొహం కళ్లముందు మెదిలింది. ఆ మొహాన్ని పక్కకు నెట్టలేకపోయింది. అయినా వెనక్కి తిరిగి మెట్లెక్కింది.

"కాకా, సోమారం పొద్దుగాల పదిగంటలకు. మంచి అంగి ఏసుకొని రా."

ముత్తయ్య తలెత్తాడు. "నేను జెప్పింది ఇన్నవా?"

"ఇన్న. గదే జెప్పు."

సోమవారం ఇద్దరినీ గది గుమ్మం దాకా తీసుకుపోయి శాంతాబాయి తన పనికి వెళ్లిపోయింది. పరాంజపే ఒక్కొక్కరితో గంటసేపు మాట్లాడింది. చదువు రానివాళ్లు నిపుణులేమిటని ధర్మకర్తల తరఫు కార్యదర్శి అభ్యంతరం చెప్పాడట. నివేదిక కింద సంతకం పెట్టేది తానని, ఎవరిని అడగాలో కూడా తానే తేల్చుకుంటానని, కాదంటే వేరే మనిషిని చూసుకోమని పరాంజపే తేల్చి చెప్పిందట. శివరాం జాబితాను కొత్తగా టైపు కొట్టాడు. మల్లమ్మకు హిందీ అంతంతమాత్రం కాబట్టి ప్రశ్నలు తెలుగులో చదివి జవాబులు రాసుకోవడానికి మునిసిపల్ తెలుగు బడి పంతులమ్మను పిలిపించారు. ఆసుపత్రితో ఆమెకు ఏ సంబంధమూ లేదు.

గణపతి నిమజ్జనం అయ్యాక మొదలైన ఆ మూడు విడతలు దీపావళి దాటేదాకా సాగాయి. ఆ రోజులన్నీ మల్లమ్మ కుళాయి దగ్గర ఎదురవుతూనే ఉంది. ఏం చెప్పావన్న ప్రశ్న శాంతాబాయికి నాలుక చివరిదాకా వచ్చేది. ఒకసారి మల్లమ్మే, "అక్కా, నిన్న అడిగిండ్రు..." అని మొదలుపెట్టబోతే, "నాకు జెప్పకు" అని బిందె కింద పెట్టకుండానే వెళ్లిపోయింది. ఆ రాత్రులు నిద్ర పట్టక ఎల్లయ్యతో కూడా విసుక్కుంది.

డిసెంబరు మొదటి వారంలో పరాంజపే ఆమెను పిలిచింది. ఈసారి శాంతాబాయి కుర్చీలో కూర్చుంది. మేడం నివేదిక తెరిచి హిందీలో చెప్పుకుంటూ పోయింది.

మొదటి విడతలో పద్నాలుగు మందిలో పదకొండు మంది వార్డులు తుడిచే పని బయటికి ఇవ్వమన్నారు. రెండో విడతలో పేరు లేకుండా ఒక కారణం అందరికీ చేరింది. కాంట్రాక్టరు మనుషులను పదిహేను రోజులకొకసారి మార్చేవాడు, ఏ గుడ్డ పాయఖానాదో ఏ గుడ్డ ఆపరేషన్ గదిదో కొత్తగా వచ్చినవాళ్లకు ఎవరూ చెప్పేవారు కాదు, ఒకే బకెట్టు రెండుచోట్లా తిరిగేది, తానూ తిప్పానని. అది చదివాక జాబితాలోని ఇద్దరు డాక్టర్లూ మాట మార్చుకున్నారు. ఒక హోటల్ మేనేజరు కూడా మార్చుకున్నాడు. మూడో విడతలో మరో నలుగురు మారాక, మొత్తం పది మంది వార్డుల పని ఆసుపత్రి చేతిలోనే ఉండాలన్నారు.

"లిఫ్టు బయటికి పోతుంది," అంది పరాంజపే. పేజీ తిప్పి, "లాండ్రీ కూడా. పదమూడు మంది ఒప్పుకున్నారు. బాయిలరు గురించి ఒకరు చెప్పిన కారణాన్ని ఇంజనీర్లు వెళ్లి చూసి నిజమేనన్నారు. లాండ్రీలో ఉన్న పదకొండు మందికీ వార్డులలో పని ఇవ్వాలని తొమ్మిది మంది రాశారు. అది కూడా నివేదికలో పెట్టాను."

"ధర్మకర్తలు ఒప్పుకుంటారా?"

"తెలియదు. అడుగుతూనే ఉంటాను."

ఒప్పుకోవడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ రాజలింగం తన అన్న ఇంటి గడప తొక్కలేదు. ముత్తయ్య కనపడితే దారి మార్చుకునేవాడు. బాయిలరు మాట ముత్తయ్యదని ఎవరో చెప్పే ఉంటారు, లేదా తానే ఊహించుకుని ఉంటాడు. నువ్వు కావాలనే ఇలా చేశావా అని ఎల్లయ్య ఒకరోజు భార్యను సూటిగా అడిగాడు. ఆమె మరకల దుప్పట్ల సంగతి మొదటిసారి అతనికి చెప్పింది. అతను తర్వాత ఆ ఊసెత్తలేదు.

ఫిబ్రవరిలో లాండ్రీ మూతపడింది. ఆ మర్నాటి పొద్దున పదకొండు మందీ ముకాదం ముందుకొచ్చి నిలబడ్డారు. రాజలింగం వెనక వరుసలో గోడవైపు చూస్తూ ఉన్నాడు.

"ఎర్ర బకెట్ పాయఖానలకు, నీలి బకెట్ వార్డుకు. గుడ్డలు కలుపొద్దు," అని శాంతాబాయి అందరికీ చెప్పి, పేరుపేరునా చోట్లు చెప్పింది. "రాజలింగం, మూడో అంతస్తు, పిల్లల వార్డు."

అతను నీలి బకెట్టు అందుకుని మెట్లెక్కాడు.

గంట తర్వాత ఆమె పైకి వెళ్లింది. మంచాల కిందకి వంగి చూసింది. కిటికీ వైపు రెండు మూలలు తడవనేలేదు.

"ఇవి మల్ల తుడువాలె," అంది.

రాజలింగం ఆమెను చూశాడు. వార్డులో ఉన్న నర్సు కూడా చేతిలో పని ఆపి చూసింది. అతను మోకాళ్ల మీద కూర్చుని గుడ్డ పిండి, మంచం కిందకి చెయ్యి చాపాడు. శాంతాబాయి అక్కడే నిలబడి రెండు మూలలూ అయ్యేదాకా చూసి, తర్వాతి వార్డులోకి వెళ్లింది.