కొవ్వు నాది, రాళ్లు ఆమెవి

బళ్లారి బజారులో మాది వేరుశనగ నూనె అంగడి. తాత కాలం నుంచి ఊళ్లో సగం వంటిళ్లకు మా నూనే పోతుంది. కాబట్టి నా నెత్తురులో కొవ్వు ఎక్కువుందని డాక్టరు చెప్పినప్పుడు ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు. అయినా నాకు కోపమొచ్చింది. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, మంచి కొలెస్ట్రాల్ తక్కువ అంటూ ఆయన రెండు అంకెల కింద ఎర్ర గీతలు గీశాడు. మంచి తక్కువ, చెడు ఎక్కువ అని మొహం మీదే చెప్తే ఎవరికి మాత్రం నచ్చుతుంది? మాత్రలు రాసిచ్చి, మూడు నెలలయ్యాక పరగడుపున వచ్చి మళ్లీ రక్తం ఇమ్మన్నాడు.

మాత్రల్ని అంగడి సొరుగులో పడేశాను. సాయంత్రం మిరపకాయ బజ్జీలు మానలేదు. మూడు నెలలు గడిచాక నా భార్య పరీక్ష సంగతి గుర్తుచేస్తే, ఈరోజు సరుకు దిగుతుందన్నాను. మరుసటి నెల ఎవరిదో పెళ్లి, ఆ పై నెల జలుబు. అసలు పరీక్షే చేయించుకోకపోతే రిపోర్టు చెడ్డగా ఎలా వస్తుంది? ఈ తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను. ఇట్లా ఏడాది దాటింది. ఆ ఏడాదిలో నా భార్య బాగా సన్నబడింది. నిన్ను చూసి నేర్చుకోవాలి అని బజ్జీ నములుతూనే ఆమెనూ మెచ్చుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఆమెకు కుడి డొక్కలో నొప్పి పుట్టి వీపు దాకా పాకింది. గ్యాస్ అనుకుని వాము నమిలింది. రెండోసారి వాంతులు కూడా అయ్యేసరికి నా డాక్టరు దగ్గరికే తీసుకుపోయాను. స్కాన్ చూసి ఆయన కన్నడంలో, పిత్తకోశదల్లి కల్లు ఇదె అన్నాడు. పిత్తాశయంలో రాళ్లున్నాయి, ఆపరేషన్ చేసి ఆ సంచీనే తీసేయాలట.

గుంతకల్లు దగ్గర పల్లెలో ఉండే బావమరిదికి ఫోన్ చేశాను. మా ఇళ్లలో కన్నడమూ తెలుగూ ఒకే కంచంలో కలుపుకుని తింటాం. కంగారులో, మీ అక్కకు కల్లు ఉందంట, ఆపరేషనంట అనేశాను. కన్నడంలో కల్లు అంటే రాయి. మా బావమరిది ఊళ్లో మాత్రం అది ఈతచెట్టు మీంచి దించేది.

"మా అక్క ఎప్పట్నుంచి తాగుతాండాది బావా?" అన్నాడు మెల్లగా.

నేను విడమరచి చెప్పేలోపే ఫోన్ పెట్టేసి, దొరికిన బస్సెక్కి వచ్చేశాడు.

ఆమెను వార్డులో పడుకోబెట్టి మేమిద్దరం డాక్టరు ముందు కూర్చున్నాం. ఆమె రక్తం రిపోర్టు నిక్షేపంగా ఉంది, ఒక్క ఎర్ర గీతా లేదు. కొవ్వు నాకుంటే రాళ్లు ఆమెకెట్లా వచ్చాయని అడిగాను. నిజానికి మీలాంటి నెత్తురున్నవాళ్లకే రాళ్లు వచ్చే అవకాశం ఎక్కువ అన్నాడాయన. అయితే రక్తం శుభ్రంగా ఉన్నంత మాత్రాన పిత్తంలో కొవ్వు పేరుకోదని లేదట. మనం తిన్నప్పుడల్లా ఆ సంచీ ముడుచుకుని పిత్తాన్ని బయటికి పంపుతుంది. కడుపు మాడ్చుకుంటే పిత్తం అందులోనే నిలిచిపోయి చిక్కబడుతుంది, గబగబా బరువు తగ్గేవాళ్లలో మరీనూ. ఆమె తిండి మానేస్తుందా అని అడిగాడు.

అదేం లేదన్నాను. డాక్టరుకు తెలుగు బాగానే అర్థమవుతుంది. బావమరిది నా వైపు చూడకుండా ఆయనకే చెప్పాడు.

"వారానికి నాలుగు దినాలు ఉపాసం ఉంటాండాది సార్. ఈయన రిపోర్టు బాగొచ్చేదాకా ఉంటానని మా ఊరి ఆంజనేయునికి మొక్కుకునింది. ఈయనకు చెప్పద్దన్నింది."

ముప్పై ఏళ్లుగా ఆమె వడ్డిస్తే తిన్నాను. ఆమె ఎప్పుడు తింటుందో, అసలు తింటుందో లేదో ఒక్కసారీ చూడలేదు. నేను తెలివిగా పరీక్ష ఎగ్గొట్టిన ప్రతి నెలా ఆమె ఇంకో నెల పస్తులుంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఉపవాసమొక్కటే కారణమని చెప్పలేమని డాక్టరు ఓదార్చబోయాడు. ఆ మాట నా చెవికెక్కలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. రెండోరోజు శనివారం పడింది. డాక్టరు తినమన్నాడు, మొక్కు తీరలేదు కాబట్టి ఆమె తిననంది. నేను మాట్లాడకుండా కింది ల్యాబుకు దిగి, పరగడుపున చేయి చాపాను. మధ్యాహ్నానికి రిపోర్టు వచ్చింది. అంకెలు తగ్గకపోగా ఇంకాస్త పెరిగాయి. అంతా బాగుందని అబద్ధం చెప్పేద్దామని మెట్లెక్కుతూ నిర్ణయించుకున్నాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని చేయి చాపింది. కాగితం ఇచ్చేశాను. మాత్రలు అంగడి సొరుగులో ఉన్న సంగతీ చెప్పేశాను.

ఆమె ఆ రెండు అంకెలనూ వేలు పెట్టి చదివింది. కాగితం మడిచి నా చేతిలో పెట్టింది.

"మొక్కింది నేను, మాత్రలు మింగాల్సింది మీరు. నా పని నేను చేసినా. ఇంక నేను తింటా, మీ పని మీరు చూసుకోండి."

తమ్ముణ్ణి పిలిచి ఇడ్లీ తెమ్మంది. పొద్దున్నుంచి నేను కూడా ఏమీ తినలేదని చెప్పబోయి ఊరుకున్నాను. మంచం పక్కన కూర్చుని ఆమె తింటుంటే చూశాను. పెళ్లయ్యాక అదే మొదటిసారి.