గుండు మీద మెరుపు

మా మనవరాలు శిరీష చౌకలో దొరికిన రెండు స్టూడియో ఫ్లాష్ లైట్లు కొని, ఫొటోలు తీసిస్తానని మా ముందుగదిలో పెట్టింది. నేను వద్దన్నాను, వినలేదు. ఈ రోజు ఆమెకు మొదటి గిరాకీ వచ్చింది. కొండ మీద తలనీలాలిచ్చి దిగిన భార్యాభర్తలు. పన్నెండుకల్లా రేణిగుంటలో రైలెక్కాలి.

ఫ్లాష్ వెలిగిన ప్రతిసారీ రెండు గుండ్లూ భగ్గున మెరిసి ఫొటో తెల్లబోయింది. ఆ లైట్లలో వెలుగు అంతకంటే తగ్గదట. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏమప్పా, గుండుకు గంధం పూసుకోలేదా?" అన్నాను.

"పూసుకొనుంటిమి అవ్వా. ఫొటోకు బాగుండదని ఇప్పుడే కడిగేసి వచ్చినాము."

"కడిగిందే తప్పు. కూర్చోండి."

గంధం నేనే అరగదీసి ఇద్దరికీ పూయించాను. అది ఆరాక తీస్తే మెరుపు మాయమై, ముఖాలు నిండుగా వచ్చాయి. భార్య ఆ ఫొటో చూసి మొగుడితో, "నీ గుండు ఇంత సక్కగుంటాదని ఇన్నాళ్లూ తెలీదే!" అంది. అప్పటిదాకా ఏడుపు బిగబట్టుకున్న శిరీష నవ్వింది. నా మనసూ కుదుటపడింది.

వాళ్లకు రైలు అందింది. లైట్లు కొనడం తప్పేనని నేను ఇప్పటికీ అంటాను. గంధపుచెక్కను మాత్రం వాటి పక్కనే పెట్టాను. మీరేమంటారు?