మబ్బుల బొమ్మలో కనపడని పడవ

మా మామ సముద్రంలో ఉండగానే, ఆయన మీదికి వస్తున్న తుఫానును మేం ఖరగ్‌పూర్‌లో ట్రాఫిక్ అనే పేటలోని మా రైల్వే క్వార్టర్లో కూర్చుని టీవీలో చూశాం.

అమ్మకు ఆయన ఒక్కడే తమ్ముడు. శ్రీకాకుళం తీరంలో పడవ మీద వేటకు వెళ్లేవాడు. నాన్న ఉద్యోగం వల్ల మేం ఖరగ్‌పూర్ చేరాక కూడా ఏటా ఎండుచేపల మూట మోసుకుని రైలు దిగేవాడు. పక్కింటి బెంగాలీ దీదీ ముక్కు మూసుకుని నవ్వేది.

ఆ రోజు బంగాళాఖాతం మీద తెల్లటి సుడి కనిపించగానే అమ్మ ఊళ్లో ఉన్న మామ భార్యకు, అంటే మా అత్తకు, ఫోన్ చేసింది. అత్త ఏడుస్తోంది.

"మొన్నే ఎల్లిపోనారొదినా. అప్పటికి తుపాను గాలి కబురే నేదు. ఫోను తగల్డం నేదు."

నేను హిజ్లీ వైపు ఒక బడిలో సైన్సు చెబుతాను. అమ్మ నా వైపు తిరిగింది.

"ఈ బొమ్మ ఎవులు తీస్తన్నార్రా?"

"ఉపగ్రహం అమ్మా. భూమితో సమానంగా తిరుగుతాది. అందుకే ఎప్పుడూ ఒకే చోట నిలబడి మనల్నే సూస్తన్నట్టుంటాది."

"సముద్రమంతా సూస్తన్నాది గదా, మరి నా తమ్ముడి పడవ కనపడదేటి?"

"అంత దూరం నుంచి మబ్బులే తెలుస్తాయమ్మా. పడవ మరీ సిన్నది."

అమ్మ నమ్మలేదు. టీవీ దగ్గరికి వెళ్లి ఆ తెల్లదనం అంచున వేలు పెట్టి వెతికింది. కొత్త బొమ్మ వచ్చినప్పుడల్లా సుడి ఒడ్డుకు కాస్త జరిగేది. నాన్న "టీవీ కట్టేసేయ్ రా" అన్నాడు. అమ్మ కట్టనివ్వలేదు.

తుఫాను తీరం దాటింది. ముందుగా కబురు అందినందువల్ల ఊరివాళ్లంతా షెల్టరుకు చేరి బతికారు. ఆ మాట నేను బడి పిల్లలకు ఇప్పటికీ చెబుతాను, నిజం కనుక. మామతో పాటు వెళ్లిన పడవ ఒకటి ప్రాణాలతో ఉన్న మనుషులతో సహా ఒడిశా ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మామ పడవ రాలేదు. శవం కూడా దొరకలేదు.

మేం ఊరు వెళ్లేసరికి అత్త గాజులు తియ్యనంటోంది. "పీనుగు సూపించండి, అప్పుడు తీస్తాను" అంది. పెద్దలు చాలాకాలం ఆగి, చివరికి దర్భలతో మనిషి రూపం కట్టి దహనం చేశారు. అమ్మ ఆ మంట దగ్గరికి రాలేదు.

తరువాత ఆ ఊరి పడవలకు ఉపగ్రహానికి కబురు పంపే పెట్టెలు బిగించారు. ఆపదలో మీట నొక్కితే పడవ ఎక్కడుందో ఒడ్డున తెలుస్తుంది. ఇప్పుడు మామ పెద్దకొడుకు వేటకు వెళ్తున్నాడు. మేం వెళ్లినప్పుడు అమ్మ ఇసకలో నడుచుకుంటూ అతని పడవ దాకా పోయి, ఆ మీట చూపించమంది.

"సీకట్లో సేతికి తగుల్తాదేటి?"

"తగుల్తాది అత్తా."

"కళ్లు మూసుకుని నొక్కబోయి సూపించు" అంది. అతను కళ్లు మూసుకున్నాడు. మొదటిసారి చెయ్యి పక్కకు పోయింది.