సగం నిఘంటువు

జాంబియాలోని ఎన్‌డోలాలో రిటైరైన కసొండే మాస్టారు, పాత కంప్యూటర్ దగ్గరికి ఎవరొచ్చినా కుర్చీ అడ్డంగా తిప్పి కూర్చుంటాడు. జీవితమంతా కూర్చిన బెంబా భాష నిఘంటువు అందులోనే ఉంది. లోపలి డిస్కు కరకరలాడుతోందని చెల్లెలు ములెంగా తన కొత్త ల్యాప్‌టాప్‌లోకి ఫైళ్లు లాగబోయింది. ఇద్దరిదీ ఒకే వైఫై, అయినా కొత్తదానికి పాతది కనబడనే లేదు.

"నీ డబ్బా ఫైళ్లు పంచుకునేది పాత పద్ధతిలో, అన్నా. ప్రమాదమని కొత్తవాటిలో దాన్ని మూసేశారు. కాసేపు తెరుస్తా."

"తెరిచి, నా నిఘంటువు మీద నీ పేరు వేసుకుంటావు."

ఆమె తన ల్యాప్‌టాప్‌లో సెట్టింగు మార్చింది. ఫోల్డరు కనబడింది. కాపీ సగంలో ఉండగా అతను లేచి పాతదాని కరెంటు వైరు పీకేశాడు. అది మళ్లీ లేవలేదు. 'ఏ' నుంచి 'ఎల్' అక్షరం దాకా మాటలు ఆమె దగ్గర మిగిలాయి. ఇమ్మని అతను అడగడు, అడగందే ఆమె ఇవ్వదు. ఒకే బల్ల దగ్గర మొక్కజొన్న పిండి ముద్ద న్షిమా తింటూ ఒకరికొకరు ఉప్పయినా అందించుకోరు.