మేనమామ ఒడి కోసం కోవిల్‌పట్టి దాకా

నేను పుట్టింది తమిళనాడులో, కోవిల్‌పట్టి దగ్గర తెలుగువాళ్ళుండే ఒక నల్లరేగడి పల్లెలో, మెట్టింది తిరుపతిలో. అయినవాళ్ళ శుభకార్యాలకు అటు వెళ్ళడం కొత్తేమీ కాదు. ఈసారి మాత్రం మా చిన్నమ్మ కూతురు సీతాలక్ష్మి ఫోన్లో ఏడ్చింది కాబట్టి బయలుదేరాను. తను సాత్తూరు అవతల ఒక చిన్న ఊళ్ళో వార్డు కౌన్సిలరు. బడి పక్కన బాణసంచా మందు గోదాముకు అనుమతిచ్చే తీర్మానానికి తన పార్టీ వాళ్ళంతా చేతులెత్తితే, తనొక్కతే ఎత్తలేదు. ఒక్క ఓటు తేడాతో తీర్మానం వీగిపోయింది. అప్పటినుంచి పార్టీ ఆమెను వెలేసినట్టే చూస్తోంది. ఇప్పుడు కూతురికి చెవులు కుట్టించాలి. మాలో ఆ వేడుక మేనమామ ఒళ్ళోనే జరగాలి. ఆ మేనమామ, అంటే సీత సొంత అన్న గురుసామి, కోవిల్‌పట్టిలో అదే పార్టీ మనిషి. "వస్తానంటాడు, ఎప్పుడొస్తాడో సెప్పడు. నువ్వు పిల్సుకోని రాక్కా" అంది సీత.

మదురై మాట్టుదావణి బస్టాండులో తెల్లవారగానే కోవిల్‌పట్టి బస్సు ఎక్కాను. విరుదునగర్, సాత్తూరు మీదుగా రెండు గంటలు, టికెట్టు వంద రూపాయల చుట్టుపక్కల. సాత్తూరులో దిగితే సీత ఊరు దగ్గరే. నాకు తమ్ముడి వరసైన ఈ గురుసామి పుణ్యమా అని ముందుకు అరగంట వెళ్ళి, మళ్ళీ అదే దారిన వెనక్కి రావాలి. పోనీ, కారులో తీసుకెళ్తాడులే అనుకున్నాను. గురుసామి ఇంటి ముందు కారు కడిగి సిద్ధంగా ఉంది.

"నువ్వు బస్సులో పో అక్కా, నేను ఎనకాలే వస్తా" అన్నాడు.

"ఖాళీ కారు పెట్టుకుని నన్ను బస్సెక్కమంటావా?"

"కారుకు పార్టీ జెండా ఉండాది. ఆ ఊర్లో నిలిపితే అందరూ సూస్తారు. వచ్చే వారం నాకు పదవి వచ్చేట్టుగా ఉండాది అక్కా."

"జెండా పీకెయ్యరా!"

"పీకితే ఈ ఊర్లో అడుగుతారు."

ఇంక వాదించకుండా బస్సెక్కాను. సాత్తూరులో నూటయాభైకి ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవరుకు సీత పేరు చెప్పగానే మొహం వెలిగిపోయింది. "చెయ్యెత్తని అమ్మా? మా పాప ఆ బళ్ళోనే చదువుతోంది. ఆమె దేవతమ్మా!" అన్నాడు తమిళంలో. అయితే లోపలికొచ్చి భోంచేసి వెళ్ళమన్నాను. "అయ్యో, వద్దమ్మా, మా స్టాండు పార్టీ వాళ్ళది" అని వీధి మలుపులోనే దింపేశాడు. దేవతట, ఆమె పెట్టే సాంబారు తినడానికి మాత్రం భయమట! ఎండలో సంచి మోసుకుంటూ నడిచాను.

మండపంలో ముప్పై మంది కూడా లేరు. ఎదురుగా టీకొట్టు దగ్గర ఇద్దరు పార్టీ మనుషులు కూర్చుని, లోపలికి ఎవరు వెళ్తున్నారో చూస్తున్నారు. వంటాయన నన్ను చూసి, "రెండొందల ఆకులకు వండాను, ఎవరికి వడ్డించాలమ్మా?" అని నన్నే నిలదీశాడు. ముహూర్తం పదిన్నర వరకే. చెవులు కుట్టే ఆసారి, అంటే మన కంసాలి, బంగారు తీగ పట్టుకుని గడియారం వైపు చూస్తున్నాడు. సీత మూడేళ్ళ పాపను ఎత్తుకుని వాకిట్లోనే నిలబడింది.

పదీ ఇరవైకి గురుసామి వంటశాల తలుపులోంచి వచ్చాడు.

"దొడ్డిదారిన రావడానికి నువ్వేమన్నా పిల్లివా?" అన్నాను.

నన్ను పట్టించుకోకుండా చెల్లెలితో, "సీతా, ఫోటో మాత్రం వద్దు" అన్నాడు.

"ఫోటో ఎందుకన్నా నాకు? నువ్వు కూర్చో" అంది సీత.

నాకు ఒళ్ళు మండింది. సభలో అంతమందికి బెదరని మనిషి అన్న దగ్గర ఇట్లా తగ్గిపోవాలా? గురుసామి కూర్చున్నాడు, పాపను ఒళ్ళో పెట్టారు. ఆసారి కుడి చెవి కుట్టాడు. పాప పెట్టిన కేకకు టీకొట్టు దగ్గరి ఇద్దరూ గుమ్మంలోకొచ్చేశారు. అందులో ఒకడు ఫోను పైకెత్తాడు.

గురుసామి సగం లేచాడు. పాప రెండు చేతులతో అతని చొక్కా పట్టుకుని వెక్కుతోంది. ఎడమ చెవి ఇంకా మిగిలే ఉంది.

అతను మళ్ళీ కూర్చున్నాడు. పాపను దగ్గరికి లాక్కుని, "ఇంకో సెవి కుట్టు ఆసారీ" అన్నాడు. తర్వాత గుమ్మం వైపు తిరిగి, "నా మొగం బాగా పడేట్టు తియ్యప్పా. మామను నేనే" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో కూడా నా చిరాకు పూర్తిగా తగ్గలేదు. పార్టీని ఎదిరించినవాళ్ళను మనం మెచ్చుకుంటాం, అదీ వీధి మలుపు దాకానే. ఆ తర్వాత వాళ్ళింట్లో పాపకు చెవులు కుట్టించడానికి కూడా మనుషులు కరువు. సీత చెయ్యెత్తకపోవడానికి కావలసిన ధైర్యం ఒక్క నిమిషానిది కాదు, రోజూ కావలసిందే. గురుసామికి ఆ పదవి వస్తుందో రాదో నాకు తెలియదు. ఆ పూట మాత్రం అతను అందరి ఎదుటా పంక్తిలో కూర్చుని రెండుసార్లు పాయసం అడిగి వేయించుకున్నాడు.

అటు వెళ్ళేవాళ్ళకు ఒక మాట: దూరం బస్సులు చాలావరకు ఊళ్ళోకి రావు, బైపాసులోనే దించేస్తాయి. ఊరి లోపలికి వెళ్తుందా అని ఎక్కేముందే కండక్టరును అడగండి.